జెండా కొయ్య మీద స్నానం నీళ్లు

గురువారం నిద్ర లేవగానే ఫ్రౌకె ఆ రోజుకి పెట్టుకున్న పని ఒక్కటే. వేడినీళ్లతో తలస్నానం చెయ్యాలి. మధ్యాహ్నం కాఫీ వేళకి అక్క హింకె వచ్చేలోపల చెయ్యాలి. ఇందులో గొంతెమ్మ కోరిక ఏముందో ఎవరైనా చెబితే వినడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

వాళ్ల పాత వ్యాను ఫ్రీస్‌లాండ్‌లో, సముద్రపు కట్ట పక్కన, వీబ్రెన్ అనే పాడిరైతు పచ్చికలో ఆగి నాలుగు రోజులైంది. అక్కడున్న వసతులు ఒక చన్నీళ్ల కుళాయి, ఒక మరుగుదొడ్డి, కట్ట మీద నిలబడి అదేపనిగా చూసే గొర్రెలు. దిగిన రోజే వీబ్రెన్ భార్య ఆల్చె ఎదురొచ్చి, స్నానానికి మా ఇంటికి రండి, మొహమాటపడకండి అంది. ఫ్రౌకె సంతోషంగా నోరు తెరిచింది. ఆ నోట్లోంచి మాట బయటపడేలోగా పక్కనున్న మొగుడు డౌవె, "అక్కర్లేదండీ, ఆ ఏర్పాట్లన్నీ నేను స్వయంగా చేశాను" అన్నాడు. తెరిచిన నోరు తెరిచినట్టే మూసుకుంది. ఆ తరవాత నాలుగు రోజుల్లో ఆ బండిలో సరిగ్గా కాగింది ఏదైనా ఉందంటే అది ఫ్రౌకె కోపమే.

డౌవె పంపుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఆయన్ని వదిలింది కానీ పంపులు వదల్లేదు. మొదటి రోజు వ్యాను పైకప్పంతా నల్ల రబ్బరు గొట్టం మెలికలు తిప్పి పరిచి, నీళ్లు నింపి, ఎండకి వదిలాడు. సాయంత్రం కుళాయి తిప్పితే వేడినీళ్లు నిజంగానే వచ్చాయి. సబ్బు ఒంటికి రుద్దుకునేంతసేపు వచ్చి, కడుక్కునే వేళకి ఆగిపోయాయి. ఆ తరవాత వచ్చినవి బావినీళ్లంత చల్లటివి, పైగా రబ్బరు వాసనతో. సబ్బు ఆరిన ఒంటితో ఆ రాత్రి ఆమె పడుకున్న తీరు అట్టముక్కకి తప్ప ఎవరికీ అర్థం కాదు.

రెండో రోజు రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి గ్యాసు పొయ్యి మీద పెట్టాడు. ఇటునుంచి చన్నీళ్లు పోస్తే అటునుంచి గోరువెచ్చగా రావాలి. చాలాసేపు ఏమీ రాలేదు. వచ్చినప్పుడు అంతా ఒక్కసారే, ఆవిరితో సహా, ఫ్రౌకె భుజం మీదికి వచ్చింది. గ్యాసు బండ కూడా దాంతోనే అయిపోయింది. మిగిలింది ఒక్క కప్పు కాఫీ కాచుకునే స్పిరిట్ పొయ్యి. పోనీ దానిమీదే కప్పుకి కప్పు కాచి బకెట్లో పోసుకుంటానంటే డౌవె ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కప్పులతో కాచుకోవడమంటే ఓటమి ఒప్పుకోవడమేనట. మూడో రోజు ఇంజను వేడితో నీళ్లు కాస్తానని భార్యని పక్కన కూర్చోబెట్టుకుని కట్ట వెంబడి ఊళ్లన్నీ తిప్పాడు. తిరిగొచ్చి చూసుకుంటే మధ్యలో తిప్పాల్సిన కుళాయి తిప్పనే లేదు.

ఇదంతా ఎలాగో దిగమింగేదే, హింకె అనే అక్క లేకపోతే. హింకెకి తెల్లటి కొత్త బండి ఉంది. అందులో గది అంత షవరు, దానికి గీజరు. ఈస్టర్ నాడు భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ ఆవిడ చెల్లెలి తల నిమిరి, "మీ ఆయన ప్రయోగాలతో నువ్వు మూడు రోజులు కూడా ఆగవు. తువ్వాలు భుజాన వేసుకుని నా బండి తలుపు కొడతావు చూడు" అంది. ఫ్రౌకె ఆ తలుపు చచ్చినా కొట్టనని అదే బల్ల ముందు అందరూ వినేలా చెప్పింది. ఇప్పుడు హింకె రెండు ఊళ్ల అవతల చెరువు ఒడ్డున దిగింది. గురువారం మధ్యాహ్నం కాఫీకి వస్తానని కబురుపెట్టింది. చూడ్డానికి వస్తోందని ఆవిడ అంది. ఏం చూడ్డానికో అనలేదు. ఫ్రౌకెకి అడగక్కర్లేదు.

ఆ పొద్దున డౌవె కొత్త ఉపాయంతో లేచాడు. ఇన్నాళ్లూ జరిగిన పొరపాటు నీడ. రైతు కొట్టం నీడ మధ్యాహ్నం దాకా పచ్చిక మీదే పడి ఉంటుంది. కాబట్టి నీళ్లు నీడ దాటి పైన ఉండాలి. నల్లటి రబ్బరు తిత్తిలో నీళ్లు పోసి ఎత్తుగా కడితే ఎండ నేరుగా తగులుతుంది, కాగాక కిందికి దింపుకుని తలమీద తిప్పుకోవడమే. కట్టడానికి చెట్టు లేదు. కనుచూపు మేరలో ఎక్కడా లేదు. కానీ వీబ్రెన్ వాకిట్లో తెల్లటి జెండా కొయ్య ఉంది, కప్పీతో, తాడుతో. తిత్తి బరువుకి తెగిపోకుండా, గాలికి వేడి పోకుండా డౌవె దాన్ని ఒక పాత సంచిలో దూర్చాడు. గట్టి భుజం పట్టీలున్న నల్లటి సంచి, ఫ్రౌకె కూతురు ఒకప్పుడు బడికి మోసుకెళ్లింది. పొలానికి పోతున్న వీబ్రెన్‌ని కేక వేసి, కొయ్య వాడుకోవచ్చా అంటే, ట్రాక్టరు చప్పుడులో ఏం వినపడిందో గానీ అతను చెయ్యి ఊపాడు.

వీబ్రెన్ ఇంట్లో ఆ రోజు ఎవరి మనసూ మనసులో లేదు. వాళ్లమ్మాయి యిల్దౌ స్కూలు చివరి పరీక్షల ఫలితం మధ్యాహ్నం చెబుతారు. కిందటేడు ఫిజిక్సులో పోయింది, ఇది రెండోసారి. తప్పినవాళ్లకి స్కూలు ముందు ఫోన్ చేస్తుంది, గట్టెక్కినవాళ్లకి ఆ తరవాత చేస్తుంది. అందుకని యిల్దౌ తన ఫోను కట్టేసి సైకిలెక్కి కట్ట మీద ఎటో పోయింది. పాలు ఇవ్వడానికి వచ్చిన ఆల్చె ఇదంతా ఫ్రౌకెకి చెప్పి, ఇంట్లో ఫోను మోగినా తనకి వినపడని చోటు దూడల కొట్టమేనని, పొద్దున్నే కడిగిన కొట్టాన్ని మళ్లీ కడగడానికి వెళ్లింది.

డౌవె సంచి పైకి లాగి కట్టాడు. కొయ్య మొదట్లో నాలుగు గుంజలు పాతి చుట్టూ టార్పాలిన్ కట్టి స్నానాల గది చేశాడు. ఫ్రౌకె వ్యానులోకి వెళ్లి, నమ్మకం లేకపోయినా ఆశ చావక, తువ్వాలు గుడ్డతో కుట్టిన ఊదారంగు గౌను వేసుకుని, జుట్టు కనపడకుండా తలకి తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. అలా కూర్చున్న కాసేపటికి బయట సైకిలు ఆగిన చప్పుడు, ఆ వెనకే పక్క రైతు భార్య రోలీ గొంతు వినిపించాయి.

"అయితే అయిపోయినట్టేనా?" అంది రోలీ.

"దాదాపు అయినట్టే. ఈసారి తప్పదండీ. కిందటిసారి జరిగిన పొరపాట్లన్నీ సరిదిద్దాను."

"మీరు సరిదిద్దారా?"

"మరెవరనుకున్నారు. అసలు విషయమంతా ఫిజిక్సేనండీ. నాలుగు రోజులు దగ్గర కూర్చుని చేయించాను. తను చేసింది మాత్రం సణుక్కోవడమే."

"పోనీలెండి," అంది రోలీ. "ఈ వయసులో అది మామూలే."

లోపల ఫ్రౌకెకి ఒళ్లు మండింది. తన వయసు సంగతి ఈవిడకెందుకు? తన స్నానం సంగతి ఈవిడకెందుకు? మొగుడు తన స్నానం గురించి దారిన పోయే ప్రతి సైకిలునీ ఆపి చెబుతున్నాడా? బయట ఏదో హడావుడి, తాడు జరిగిన చప్పుడు, రోలీ "ఇదిగో ఇప్పుడు నిండుగా ఉంది" అనడం. ఇక ఆగలేక తలుపు తోసుకుని దిగేసరికి రోలీ ఎదురొచ్చి, ఇటో ముద్దు అటో ముద్దు మళ్లీ ఇటో ముద్దు ముచ్చటగా మూడూ పెట్టి, శుభాకాంక్షలు చెప్పి, "అంతా మీ ఆయన చలవే అట కదా" అని సైకిలు గంట కొట్టుకుంటూ ఊళ్లోకి వెళ్లిపోయింది.

నాలుగు రోజుల చెమట మీద మూడు ముద్దులు పడిన చెంపలు తుడుచుకుంటూ ఫ్రౌకె తలెత్తి చూసింది. కొయ్య చివర ఎరుపు తెలుపు నీలం జెండా రెపరెపలాడుతోంది. దాని పక్కనే పట్టీలతో నల్లటి స్కూలు సంచి వేలాడుతోంది. జూన్ నెలలో జెండాతో పాటు స్కూలు సంచి ఎగిరిందంటే ఆ ఇంటి పిల్ల పరీక్ష గట్టెక్కిందని ఊరికి చాటింపు వేసినట్టే. ఈ దేశంలో ఆ సంగతి తెలియనివాళ్లు ఆ కట్ట మీది గొర్రెలు, తన మొగుడు.

"జెండా ఎందుకు కట్టావు?" అంది, గొంతు పైకి లేవకుండా జాగ్రత్తపడుతూ.

"రోలీ కొట్టంలోంచి తెచ్చి కట్టమంది. గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది కదా అనుకున్నాను."

"ఆ సంచి ఏమిటో నీకు కనపడుతోందా, డౌవె?"

డౌవె చాలాసేపు పైకి చూశాడు. ఆయన ముఖంలో విషయం బోధపడుతున్న తీరు గ్యాసు పొయ్యి మీది రాగి గొట్టం లాగే ఉంది. ఎంతకీ ఏమీ రాలేదు, వచ్చినప్పుడు అంతా ఒక్కసారే వచ్చింది.

దింపు, ఇప్పుడే దింపు అంది ఫ్రౌకె. డౌవె తాడు లాగాడు. కదల్లేదు. ఇద్దరూ కలిసి లాగారు. జెండా అంచు కప్పీలోకి దూరి బిగుసుకుపోయింది, సంచి బరువు దాన్ని ఇంకా బిగించింది. పైకెక్కి విడదియ్యమంటే, ఆ నున్నటి కొయ్య ఎక్కడానికి తానేమైనా ఉడతా అన్నాడు. పోనీ కత్తితో తాడు కోద్దామా అంటే, అంత బరువు అంత ఎత్తునుంచి పడితే కింద ఉన్నవాళ్లెవరో ముందు ఆలోచించమన్నాడు. ఎవరు ఉంటే బాగుంటుందో ఆమె ఆలోచించింది కానీ పైకి అనలేదు.

అప్పటికే దారిలో సైకిళ్లు కనిపించాయి. మొదట రోలీ, సైకిలు బుట్టలో కేకుతో. ఆమె వెనక తోడికోడలు, ఇంకో కేకుతో. ఆ వెనక రిటైరైన పోస్టుమాన్, రొట్టెల దుకాణం ముసలాయన, చర్చి గంట కొట్టే అతనూ భార్యా. వచ్చినవాళ్లు వచ్చినట్టు కొట్టంలోంచి కుర్చీలు తెచ్చుకుని గుండ్రంగా వేసుకున్నారు. అక్కడి ఆచారం ప్రకారం కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ ఆ గుండ్రం చుట్టూ తిరిగి అప్పటికే కూర్చున్న ప్రతివాళ్లకీ శుభాకాంక్షలు చెప్పాలి, ఫ్రౌకెకి మూడు ముద్దులు పెట్టాలి. బట్టలు మార్చుకుందామని ఆమె వ్యాను మెట్టు మీద కాలు పెట్టినప్పుడల్లా ఇంకెవరో వచ్చి చెంప పట్టుకున్నారు. గౌను సంగతి ఎవరూ అడగలేదు. పట్నం వాళ్లు ఇలాగే ఉంటారని సరిపెట్టుకున్నట్టున్నారు.

నిజం చెప్పలేదని ఎవరూ అనడానికి లేదు. ఆమె రొట్టెల ముసలాయన పక్కన కూర్చుని, ఆ సంచి యిల్దౌది కాదు, అందులో నా స్నానం నీళ్లున్నాయి అని స్పష్టంగా, వినికిడి తక్కువవాళ్లకి చెప్పినట్టు చెప్పింది. ఆయన మోకాలు చరుచుకుని నవ్వి, ఆ మాట పక్కాయనకి చెప్పాడు. పక్కాయనా నవ్వాడు. గుండ్రమంతా ఆ నవ్వు తిరిగి ఆమె దగ్గరికే వచ్చింది. ఆవిడ భలే సరదా మనిషి అనుకున్నారు. ఇంతలో రోలీకి కేకులు పెట్టడానికి గాలి తగలని చోటు కావలసి వచ్చింది. చుట్టూ చూసి, టార్పాలిన్ గదిలో బల్ల వేయించి, కేకులన్నీ అందులో సర్ది, సబ్బు పెట్టెని పక్కకి తోసింది. ఫ్రౌకె స్నానం చెయ్యాల్సిన చోట జనం వరసలో నిలబడి మీగడ కేకు కోసుకున్నారు.

డౌవె దగ్గర అంతకంటే ఎక్కువమంది పోగయ్యారు. ఆయన దగ్గర కూర్చుని ఫిజిక్సు చేయించిన సంగతి రోలీ ఊరంతా చెప్పింది. పరీక్షలు ఎప్పుడో అయిపోయాయని, ఈయన వచ్చి నాలుగు రోజులేనని ఎవరూ లెక్క వెయ్యలేదు. పోస్టుమాన్ తన మనవణ్ణి కూడా వచ్చే ఏడు కాస్త చూడమని అడుగుతున్నాడు. డౌవె మొదట్లో తల అడ్డంగా ఊపాడు. తరవాత ఊపడం తగ్గింది. మూడో కేకు ముక్క దగ్గరికొచ్చేసరికి, ముఖ్యమైనది మూల సూత్రాలు పట్టుకోవడం అని చెబుతున్నాడు. ఇది వినగానే ఫ్రౌకె చేతిలోని కాఫీ చెంచా వంగింది.

చివరికి చీపురు చేత్తోనే పట్టుకుని ఆల్చె వచ్చింది. జెండా చూసింది, సంచి చూసింది, జనాన్ని చూసింది. చీపురు జారిపోయింది. గుండ్రం దాటుకుని తిన్నగా వచ్చి ఫ్రౌకె భుజం మీద తల పెట్టేసింది, కాలిన భుజమే. "కిందటేడు ఫలితం వచ్చిన రోజు నుంచి ఈ పిల్ల భోజనం బల్ల దగ్గర తల ఎత్తలేదమ్మా," అంది. "నేను రాత్రుళ్లు లేచి గది తలుపు దగ్గర నిలబడేదాన్ని, ఏడుస్తోందా పడుకుందా అని. వీబ్రెన్‌కి ఫోన్ వచ్చినట్టుంది, నాకు చెప్పే ఓపిక లేక జెండా ఎగరేశాడు. ఆయనంతే."

ఫ్రౌకె నోట్లో మాట తయారుగా ఉంది. ఆ సంచి నాది అనే మాట. అది అక్కడే ఉండిపోయింది. ఎగిరిన జెండా దింపడం ఒక ఎత్తు, ఈ ముఖం మీది వెలుగు దింపడం ఇంకో ఎత్తు. అప్పుడే ట్రాక్టరు ఆగి వీబ్రెన్ దిగాడు, కొయ్య చూసి టోపీ తీశాడు, ఆల్చెకి ఫోన్ వచ్చిందనుకున్నాడు. తెలిసే జెండా కట్టావా అని ఒకరినొకరు అడిగే తీరిక ఆ మొగుడూపెళ్లాలకి లేదు, ఇద్దరూ పట్టుకుని ఏడుస్తున్నారు. కాసేపటికి కట్ట మీదినుంచి యిల్దౌ సైకిలు దిగివచ్చింది. అంత దూరంలోనే జెండా కనిపించి ఉంటుంది, తొక్కడం మానేసింది, సైకిలు తనంతట తనే పచ్చికలోకి వచ్చి పడిపోయింది. ఆ పిల్ల పడ్డచోటే కూర్చుని చేతుల్లో ముఖం దాచుకుంది. తల్లిదండ్రులు పరిగెత్తారు. జనం చప్పట్లు కొట్టారు.

చప్పట్లు కొట్టనివాళ్లు ఇద్దరే. ఫ్రౌకె డౌవె మోచెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి లాక్కెళ్లింది.

"వెళ్లి చెప్పు."

"ఏమని చెప్పను?"

"ఫలితం ఇంకా రాలేదని చెప్పు. అది నా నీళ్ల తిత్తి అని చెప్పు. మూల సూత్రాలు చెప్పావుగా ఇందాక, ఇదీ చెప్పు."

"పిల్ల పాసైతే అనవసరంగా గుండె పగలగొట్టినవాళ్లం అవుతాం."

"ఫెయిలైతే?"

డౌవె కట్ట వైపు చూశాడు. బండి తాళాలు ఎక్కడున్నాయని అడిగాడు.

అంతటి ఘనకార్యానికి మాటలతో సమాధానం చెప్పడం దండగ. ఫ్రౌకె గౌను నాడా గట్టిగా బిగించి కట్టుకుని, ఆల్చెని ఒంటరిగా పిలిచి చెప్పెయ్యాలని ఇంటి వైపు నడిచింది. వంటింటి గుమ్మం దగ్గరికి చేరేసరికి లోపల ఫోను మోగుతోంది. వెనక్కి చూసింది. గుండ్రం మధ్యలో వీబ్రెన్ కూతుర్ని ఎత్తి తిప్పుతున్నాడు. ఎవరికీ వినపడలేదు. మోగుతూనే ఉంది. ముందు ఫోన్ వచ్చేది తప్పినవాళ్లకి. ఆమె లోపలికెళ్లి తీసింది.

ఆ పిల్ల క్లాసు మాస్టారు. యిల్దౌ తన ఫోను ఎత్తడం లేదని, అందుకే ఇంటికి చేశానని, ఫలితం ఆ అమ్మాయితోనే చెప్పాలని అన్నాడు.

"మంచిదా చెడ్డదా, అది ఒక్కటి నాకు చెప్పండి," అంది ఫ్రౌకె.

"మీరెవరండీ?"

"నేను పచ్చికలో ఉంటున్నాను."

అలా ఎవరికి పడితే వాళ్లకి చెప్పే పద్ధతి లేదని, అమ్మాయిని పిలవమని అన్నాడు. ఆ పిలవడమే ఆమె వల్ల కాని పని. పిలిస్తే ఆ పిల్ల నవ్వుకుంటూ వస్తుంది, అందరూ వెనకే వస్తారు. కిటికీలోంచి బయట పాట కూడా మొదలైంది. అది మాస్టారికీ వినపడినట్టుంది. "అక్కడ ఆ గోలేమిటి?" అన్నాడు.

"యిల్దౌ పాసైందని ఊరంతా కేకులు తింటున్నారు."

"వాళ్లకెవరు చెప్పారు? జాబితా నా చేతికి ఇప్పుడే వచ్చింది."

"ఎవరూ చెప్పలేదు. నా మొగుడు జెండా కొయ్యకి నా స్నానం నీళ్లు వేలాడదీశాడు. అది స్కూలు సంచిలో ఉంది. తాడు ఇరుక్కుంది. ఆ పిల్ల బయట గంతులేస్తోంది, వాళ్లమ్మ ఏడాదికి సరిపడా ఏడ్చి ఇప్పుడే కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు నేను బయటికెళ్లి వాళ్లని ఆపాలా వద్దా, అది చెప్పండి చాలు. పద్ధతులు తరవాత చూసుకుందాం."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. కాగితం మడిచిన చప్పుడు వినిపించింది.

"ఆపకండి," అన్నాడు.

ఫ్రౌకె ఫోను పెట్టేసి వంటింటి కుర్చీలో కూలబడింది. ఆ పిల్లని ఆమె నిజానికి నాలుగుసార్లు కూడా చూడలేదు. అయినా కళ్లు తడిసి తువ్వాలు అంచుతో తుడుచుకోవలసి వచ్చింది. ఆ తువ్వాలు ఆ రోజు తడవడం అదే మొదలు. తరవాత లేచి ఆ శుభవార్త చెప్పడానికి బయటికి నడిచింది. గుమ్మంలో ఆగి చూస్తే, చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఊరంతటికీ పొద్దుటి నుంచీ తెలిసిందే. ఆ రోజు ఊళ్లో అసలైన కబురు తెలిసినది తన ఒక్కదానికి, అది ఎవరికీ అక్కర్లేదు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా అని ఆమె తిరగబడబోతుండగా పచ్చిక గేటు దగ్గర హింకె కనిపించింది.

హింకె తెల్లటి బండిలో రాలేదు, బస్సు దిగి నడిచొచ్చింది. తలకి పూల రుమాలు గట్టిగా కట్టుకుంది. ఊహ తెలిసినప్పటినుంచీ హింకె తలకి గుడ్డ కట్టుకోగా ఫ్రౌకె చూడలేదు. చేతిలో పెద్ద గుడ్డసంచి ఉంది. జనాన్ని, కేకుల్ని, కొయ్యని అన్నిటినీ ఒక చుట్టు చూసి, పైన సంచి అడుగునుంచి వేలాడే పొట్టి గొట్టాన్ని, దాని చివర షవరు బిళ్లని అందరికంటే ముందు ఆవిడే కనిపెట్టింది. క్యాంపింగ్ మనిషి కదా. చెల్లెలి గౌనూ తల తువ్వాలూ చూసి ఆవిడ ముఖంలో ఏదో మారింది.

"స్నానం అయిందన్నమాట," అంది హింకె.

"ఇప్పుడే," అంది ఫ్రౌకె.

"వేడిగానే వస్తున్నాయా?"

"పట్టలేనంత. మీ గీజరు ఎలా ఉంది?"

"దానికేం, బంగారంలా ఉంది," అని హింకె గుడ్డసంచి రెండో వైపుకి మార్చుకుంది. మార్చుకునేటప్పుడు అందులోంచి మడత పెట్టిన తువ్వాలు అంచు, షాంపూ సీసా మూత బయటికి తొంగిచూశాయి. ఫ్రౌకె వాటిని చూసింది. తాను చూసినట్టు హింకె చూసింది. ఆ తరవాత హింకె చూపు చెల్లెలి మెడ వెనక్కి, తువ్వాల్లోంచి జారిన నాలుగు వెంట్రుకల మీదికి వెళ్లి ఆగింది. అవి ఎండిపోయి, జిడ్డు పట్టి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అక్కాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఎండ బాగా కాస్తోంది అనుకున్నారు.

అప్పుడే ఆల్చె వచ్చి ఇద్దరి చేతులూ పట్టుకుంది. ఇంత మేలు చేసిన మనుషులకి తాము ఏమిచ్చి రుణం తీర్చుకోవాలో తెలియడం లేదంది. ఊరంతా అనేదాన్ని బట్టి డౌవె గారి చదువు అంత గొప్పదట, ఆ సంచి ఈ వారమంతా కొయ్య మీదే ఉండాలని వీబ్రెన్ అన్నాడట. తరవాత ఫ్రౌకె చేతులు నొక్కి, "మీకేం కావాలన్నా అడగండి. మొహమాటం వద్దు. ఇల్లు మీదనుకోండి," అంది.

ఇల్లు అక్కడే ఉంది. మేడ మెట్లెక్కితే ఎడమ చేతి వైపు స్నానాల గది, మొన్న పాలకి వెళ్లినప్పుడు ఫ్రౌకె చూసింది కూడా. రెండు మాటలు చాలు. ఆ రెండు మాటలూ నాలుక చివరికొచ్చాయి. పక్కన హింకె ఊపిరి బిగబట్టి ఉంది. చెల్లెలు నోరు తెరుస్తుందా అని ఒక కన్నూ, తెరవకపోతే తాను తెరవాలా అని ఒక కన్నూ పెట్టినట్టు ఉంది. ఫ్రౌకె ఈస్టర్ నాటి బల్లని తలుచుకుంది. హింకె ఏం తలుచుకుందో తెలియదు కానీ ఆవిడా తెరవలేదు.

"మాకేం వద్దండీ," అంది ఫ్రౌకె. "పిల్ల సంతోషంగా ఉంది, అంతే చాలు."

"అంతే మరి," అంది హింకె, కొంచెం ఆలస్యంగా.

ఇంత మంచి మనుషులని ఎక్కడా చూడలేదని ఆల్చె మళ్లీ కళ్లు ఒత్తుకుని, కప్పుల కోసం బల్ల వైపు నడిచింది. ఊరంతా తాగిన కాఫీ కప్పులు రెండు పళ్లేల మీద గుట్టగా పేర్చి ఉన్నాయి. కడిగే మిషను అప్పటికే నిండి తిరుగుతోంది. ఆల్చె వంటింట్లోకి వెళ్లి సింకు నింపడం మొదలుపెట్టింది. తెరిచిన కిటికీలోంచి సబ్బు నురగ వాసనతో తెల్లటి ఆవిరి బయటికి వచ్చింది.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకేసారి అటు తిరిగారు. గుమ్మం దగ్గరికి ముందు ఫ్రౌకె చేరింది, హింకె గుమ్మంలో ఆమెని దాటేసింది. కప్పులు తాను కడుగుతానని హింకె అంది. వద్దు, నువ్వు చుట్టానివి, తుడువు చాలు అని ఫ్రౌకె తుడిచే గుడ్డ ఆవిడ చేతిలో కుక్కింది. హింకె ఆ గుడ్డ తిరిగి చెల్లెలి భుజాన వేసింది. పెద్దదాన్ని నేనుండగా నువ్వు కడగడమేమిటి, పైగా నీ స్నానం అయిపోయిందిగా అంది. నీ గీజరు బంగారంలా ఉందిగా అంది ఫ్రౌకె. ఈలోగా ఇద్దరూ భుజాలు ఆనించి సింకు ముందు నిలబడ్డారు, నాలుగు చేతులూ మోచేతులు దాటి ఆ నురగలో మునిగాయి. ఇద్దరిలో ఒక్కరూ ఒక్క కప్పుని కూడా పైకి తియ్యలేదు. నీళ్లు చల్లారిపోకుండా మధ్యమధ్యలో వేడి కుళాయి మాత్రం తిప్పుకున్నారు.

పని కోసం ఇలా పోట్లాడుకునే అక్కాచెల్లెళ్లని తన జన్మలో చూడలేదని, పెంపకమంటే అదీ అని ఆల్చె ఆ రాత్రి వీబ్రెన్‌తో చెప్పింది.